వంకలో ఏరిన గుల్ల

వర్షములు వెనుకపట్టి వంకలలోని బురదనీరు తేటపడి కొండవాలుల గరికపై లేతయెండ పరచుకొనుచున్న ఆశ్వయుజమాసపు ప్రాతఃకాలమున, భూగర్భశాస్త్రకోవిదుడని దేశమెల్ల మన్నించు కొమాండూరు శఠగోపాచార్యులు చేతికఱ్ఱ యూతగా గోదావరికి పడమటనున్న యెఱ్ఱవంకలోనికి దిగెను. ఆయన సంచిలో సగము విఱిగిన రాతిగుల్ల యొకటి యుండెను. క్రెటేషియస్ అను ప్రాచీనయుగమున నచట నిండియుండిన సముద్రమునందు బ్రతికి చచ్చి రాయియైన ఆ జీవి సాలగ్రామమువలె చుట్టలు తిరిగియుండెను.

రాతిపొరలోని గుల్లనుబట్టి యా పొర వయస్సును నిర్ణయింతురు. దూరముననున్న రెండు కొండలలో ఒక్కజాతి గుల్లయే దొరకెనేని ఆ పొరలు సమకాలికములందురు. కాని గుల్లను పొరలోనుండి త్రవ్వి తీయవలెను, క్రింద రాలినదానిని ఏరరాదు. ఏమి చెప్పుదును! ఇరువదిరెండేండ్ల క్రిందట ఈ మహానుభావుడు వంకయడుగున పడియున్న యీ సగముగుల్లను ఏరి, గట్టెక్కి వెదకుటకు బద్ధకించి, 'క్రిందిపొరలో లభించినది' అని వ్రాసికొనెను. ఆ వ్రాతతోనే పేరు వచ్చెను. పిమ్మట శిష్యురాలు పులఖండం వైదేహి ఆ గుల్ల మీదిపొరదనియు క్రిందిపొర యంతకంటె ప్రాచీనమనియు సిద్ధాంతవ్యాసము సమర్పింపగా ఆయనయే దానిని త్రోసిపుచ్చెను. పాపము, ఆమె చదువు మాని యా వంకయొడ్డు పల్లెలోనే బడిపంతులమ్మ యయ్యెను.

ఈయేటి వానలకు గట్టుమన్ను కొట్టుకొనిపోయి మీదిపొరలో సగముగుల్ల బయటపడినదని ఆమె వ్రాసిన జాబే ఆచార్యుల నిపుడు రప్పించినది. వైదేహి చూచుచుండగా ఆయన తన సగమును గట్టులోని సగమునకు ఆనించెను. చుట్టకు చుట్ట గీతకు గీత అతికినట్లు కుదిరెను. ఆయనకు సిగ్గుచే తల వాలిపోయెను.

"తప్పు నాదేనమ్మా. రాలిందే ఏరాను. నీ వ్యాసం చదివిననాడే నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు" అనెను.

"తెలుసా?" అని వైదేహి నివ్వెఱపడెను. "చూసుకోక పొరబడ్డారనుకున్నానండీ. ఎవరేమన్నా ఇన్నేళ్ళూ మిమ్మల్నే వెనకేసుకొచ్చాను."

"రేపే పత్రికలకు రాస్తాను. నీ పట్టా నీకు ఇప్పిస్తాను తల్లీ."

"రాయండి మాస్టారూ. పొర వయసైనా సరవుతుంది. నాకు బడికి వేళయింది, వస్తానండీ."

ఆమె వెనుదిరుగక గట్టెక్కి పోయెను. తెలియక తప్పుచేసినవాడు నిజము చెప్పి గౌరవమును నిలుపుకొనును. తెలిసి దాచినవాడు నిజము చెప్పిన దినముననే ఆ గౌరవమును పోగొట్టుకొనును. అయినను ఆచార్యులు ఆ బురదలోనే కూలబడి, సంచిలోని వ్రాతపుస్తకము తెఱచి, 'మీదిపొర: కనుగొన్నది వైదేహి' అని వ్రాసెను.