కింద నుంచి విసిరే చెయ్యి

టోర్నమెంటులో ఆఖరిదైన ఆదివారం ఆటకి ముందు లోర్నా చెయ్యాల్సిన పనులు ఇవి. హోటల్ మెషీన్లో ఆరిన జట్టు బట్టలన్నీ తీసి మడవాలి. ఐసు తేవాలి. వేరుశనగ పడని ఇద్దరు పిల్లలకి వేరే శాండ్‌విచ్‌లు చెప్పాలి. అత్తగారి కంటి చుక్కల మందు ఫ్రిజ్ తలుపులోనే ఉందని భర్త వేడ్‌కి ఫోన్ చేసి మళ్లీ చెప్పాలి. ఎదుటి జట్టులో ఎవరికి ఏ బంతి వెయ్యాలో ఆలోచించుకోవాలి. అడిగిన పిల్లలందరికీ జడలు వెయ్యాలి. బస్సు డ్రైవరుకి కాఫీ. అన్నిటికన్నా ముందు కిన్సీ చెయ్యి చూడాలి.

ఇందులో కాలేజీ జీతమిచ్చేది కిన్సీ చెయ్యి చూడ్డానికీ, బంతుల సంగతి ఆలోచించడానికీ. లోర్నా ఆ కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టుకి పిచింగ్ కోచ్. ఈ ఆటలో బంతిని చెయ్యి కింద నుంచి తిప్పి విసరాలి; అలా విసిరే అమ్మాయిలని తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. మిగతా పనులు ఎప్పుడు మీద పడ్డాయో ఆమెకే గుర్తులేదు. హెడ్ కోచ్ రకర్ వచ్చిన కొత్తలో నవ్వుతూ అన్నాడు: "ఆడపిల్లల సంగతులు నీకు తెలిసినట్టు నాకేం తెలుస్తాయి లోర్నా? అవన్నీ నువ్వే చూసుకో." అది మెప్పు అనుకుంది అప్పుడు.

లోర్నా ఓక్లహోమాలో గొడ్లు పెంచుకునే ఇంట్లోంచి వచ్చి, ఈ బంతి పుణ్యమా అని ఫీజు లేకుండా చదువుకుంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చదువయ్యాక అదే కాలేజీలో జీతం లేకుండా చేరింది, సాయంత్రాలు చిన్నపిల్లలకి బంతి నేర్పి అద్దె కట్టుకుంది. తర్వాత జీతం వచ్చింది. హెడ్ కోచ్‌లు మాత్రం వస్తూ పోతూనే ఉన్నారు, అందరూ మగవాళ్లే, అందరూ బేస్‌బాల్ ఆడినవాళ్లే. బాత్రూములు ఎటున్నాయో కూడా ప్రతి ఒక్కరికీ లోర్నాయే చూపించింది. ఇంట్లో పండగ భోజనాల దగ్గర వేడ్ చుట్టాలకి చెప్పేవాడు: "మా ఆవిడ కోచే, కాదని ఎవరన్నారు? బకెట్టు బోర్లించి దానిమీద కూచుని బంతులు పట్టుకుంటుంది." అందరూ నవ్వేవారు. అత్తగారు నవ్వకుండా అనేది: "శనివారాలు ఇంటిపట్టున ఉండే ఉద్యోగం ఏదైనా చూసుకోరాదుటమ్మా?"

ఈ ఏడు రకర్ ఇంకో పెద్ద యూనివర్సిటీకి వెళ్లిపోతున్నాడు. "ఈ టోర్నమెంటు గెలిపించు. నా కుర్చీలో నిన్నే కూచోబెట్టమని నేనే చెప్తా," అన్నాడు. ఆ మాట లోర్నా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, నవ్వకపోతే ఏం చెయ్యాలో తెలియక.

ఆదివారం పొద్దున హోటల్ వరండాలో కిన్సీకి జడ వేస్తోంది. శుక్రవారం ఒక ఆట, శనివారం రెండు ఆటలు, అన్నీ ఈ పిల్లే విసిరింది. కిన్సీ నీళ్ల సీసా వెనక్కి అందించింది. "మూత తియ్యవా కోచ్."

లోర్నా చేతులు జడలో ఆగిపోయాయి. "నువ్వు తియ్యలేవా?"

"గట్టిగా ఉంది."

మూత వేలితో తడితే తిరిగింది. "ఎప్పట్నుంచే?"

"నిన్నట్నుంచి. ముంజేయి సలుపుతోంది, పట్టు దొరకట్లేదు. ఐసు పెడితే పోతుందిలే. మా నాన్నకి చెప్పకు కోచ్, రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాడు నన్ను చూడ్డానికి."

లోర్నా వెళ్లి రకర్‌కి చెప్పింది. అతను గుడ్డు తింటూ విన్నాడు. "కింద నుంచి విసిరే చేతికి ఏమవుతుంది లోర్నా? ఊయల ఊపినట్టు సహజంగా తిరుగుతుంది. మా బేస్‌బాల్ వాళ్లలా పైనుంచి విసిరితే చెయ్యి పోతుంది గానీ. నువ్వూ విసిరావుగా ఏళ్లతరబడి, నీకేమైంది?"

ఏమైందో ఆమెకి తెలుసు. వంటింట్లో పై అలమరలో పళ్లాలు పెట్టడానికి కుడి చెయ్యి లేవదు. ఎడం చేత్తో పెడుతుంది. అది వేడ్ కూడా గమనించలేదు. మైదానం దాకా బస్సులో ఆ సహజమన్న మాటే నములుతూ కూచుంది. బేస్‌బాల్ కుర్రాడు ఒక్క ఆట విసిరితే నాలుగైదు రోజులు చేతికి గుడ్డ చుట్టి దేవుడిలా చూస్తారు. ఆడపిల్ల రోజూ విసరొచ్చు, ఎందుకంటే ఆమెకి సహజం. పొద్దున నలుగురికి వండి, ఇరవైమందికి బట్టలు మడిచి, ముసలావిడ కళ్లు కనిపెట్టుకుని ఉండటమూ సహజమే. అలసిపోయానంటే వేడ్ ఆశ్చర్యపోయేవాడు: "నీకలవాటేగా?" ఎవరు ఏ పనిని సహజమన్నా ఆ పనికి విశ్రాంతి ఉండదని, ఇన్నేళ్లకి, బస్సు కిటికీ పక్కన, ఆమెకి అర్థమైంది. అర్థమై కోపం కూడా రాలేదు. నిద్ర వచ్చింది.

ఏడు ఇన్నింగ్స్ ఆట ఆరోదానికి వచ్చేసరికి వాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. లోర్నా జట్టు కూచునే డగౌట్ నుంచి అంకెలు అరుస్తోంది, కిన్సీ మణికట్టు పట్టీ మీద ఆ అంకెకి ఏ బంతి రాసుందో చూసుకుని వేస్తోంది. కిందికి దిగాల్సిన బంతి దిగడం మానేసింది. ఇంకోటి చెయ్యి జారి క్యాచర్ తల మీదుగా పోయింది. కిన్సీ మోచేయి కడుపుకి అదుముకుని నిలబడింది.

"వెళ్లి ధైర్యం చెప్పిరా," అన్నాడు రకర్. ధైర్యం చెప్పడం కూడా లోర్నా పనే.

ఎర్రమట్టి మీద నడుచుకుంటూ వెళ్లింది. కిన్సీ కళ్లనిండా నీళ్లు. "వేస్తాను కోచ్. ఇంకొంచెమేగా."

లోర్నా చెయ్యి చాపింది. "బంతి ఇలా ఇవ్వు తల్లీ."

అంపైరు దగ్గరికి వెళ్లి చెప్పింది. "పిచర్‌ని మారుస్తున్నాం. చేతికి దెబ్బ. ఈ ఆటలో మళ్లీ రాదు."

అంపైరు డగౌట్ వైపు చూశాడు. "మీ హెడ్ కోచ్‌కి తెలుసా?"

"ఇప్పుడే తెలుస్తుంది."

ఆట ఓడిపోయారు. బస్సెక్కేముందు రకర్ మెల్లగానే అన్నాడు: "నీ కుర్చీ నువ్వే తన్నేసుకున్నావ్."

"అవును," అంది లోర్నా.

కిన్సీ ముంజేతి ఎముకలో చీలిక ఉందని, ఇంకాసేపు విసిరి ఉంటే పూర్తిగా విరిగేదని డాక్టరు చెప్పాడు. హెడ్ కోచ్‌గా బేస్‌బాల్ ఆడిన ఇంకో కుర్రాడు వచ్చాడు. అతను చేరిన రోజునే లోర్నా కూచోకుండా ఒక మాట చెప్పింది: "నా పిల్లలెవరూ వరసగా రెండు రోజులు విసరరు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, వేరే మనిషిని చూసుకుందువు." అతను తల గోక్కుని సరేనన్నాడు.

ఆ రోజు కిన్సీ బదులు వచ్చిన అమ్మాయి డెలిసా క్రోకర్. ఏడాదంతా బెంచీ మీదే ఉన్న పిల్ల. ఆ ఆట ఓడిపోయిన పిచర్‌గా కాలేజీ రికార్డుల్లో ఉన్నది ఆమె పేరే. లోర్నా బంతి చేతిలో పెట్టి, "ఓడిపోతామేమో, నిన్నే అంటారు," అని ముందే చెప్పింది. డెలిసా కిన్సీ వైపు ఒకసారి చూసి, "అననివ్వండి కోచ్, ముందు దాన్ని కూచోబెట్టండి," అంది. కిన్సీని గుర్తుంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు డెలిసాని గుర్తుపెట్టుకోండి.