పెద్దసార్ చదివిన ఉపన్యాసం

తరగతి గది తలుపు మీద పెద్దసార్ పేరుంటుంది. లోపల పాఠం చెప్పేది మాత్రం చిన్నమేడం. పిల్లలు ముద్దుగా పెట్టిన పేరది. నిజానికి ఆమె ఆ విశ్వవిద్యాలయంలో మేడమూ కాదు, టీచరూ కాదు. బావి నీళ్ళు ఎందుకు ఉప్పగా మారుతున్నాయో తేల్చే పనిలో, డాక్టరేట్ కోసం పెద్దసార్ దగ్గర చేరిన పరిశోధక సహాయకురాలు. చేరిన మొదటి వారంలోనే ఆయన, "నాకు మీటింగుందమ్మా, ఈ ఒక్క క్లాసూ నువ్వు చూసుకో" అన్నారు. ఏళ్ళు గడిచాయి. ఆ ఒక్క క్లాసూ ఇంకా అవుతూనే ఉంది.

ఆ రోజు ఆమె బోర్డు మీద బావి బొమ్మ గీస్తుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు.

"మేడం, పెద్దసార్ నిజంగా ఉన్నారా, లేకపోతే మీరే కల్పించారా?"

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు మాటున ఉన్న అన్యాయం అక్కడ ఎవరికీ కనబడలేదు. మనమున్నా మనకూ కనబడేది కాదు.

పాఠంతో పోతే బాగుండును. పరీక్ష పేపర్లు దిద్దేది ఆమె. మండుటెండలో బావులన్నీ తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చి, పరీక్షించి, వ్యాసం రాసేదీ ఆమె. అచ్చులో పేరు మాత్రం పెద్దసార్‌ది. "నా పేరుతో వస్తే పత్రికవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. నీ థీసిస్ ఎలాగూ నీదేగా" అనేవారాయన. అలాగని ఆయన రాక్షసుడేం కాదు. ఆమెకు జ్వరమొస్తే మాత్రలు కొని పంపించిన మనిషి. చిక్కంతా అక్కడే ఉంది. రాక్షసుడైతే ఆమె ఎప్పుడో ఎదురు తిరిగేది.

ఇంట్లో అమ్మ ఒక బట్టల కొట్టుకు చొక్కాలు కుట్టి ఇస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు కూతురిని పిలవాల్సి వస్తోంది. కూతురికి డాక్టరేట్ వస్తే ఉద్యోగం, ఉద్యోగం వస్తే మిషనుకు మూత. ఆ ఇంటికి ఉన్న ఆశ అదొక్కటే.

ఎట్టకేలకు థీసిస్ పరీక్షకు వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నిక్కచ్చి మనిషి. పేజీలు తిప్పి తలెత్తాడు.

"ఈ అధ్యాయంలో పేరాలకు పేరాలు మీ గురువుగారి వ్యాసాల్లో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. 'ఎండిన బావి అడుగున మిగిలేది ఉప్పు కాదు, మన తొందర.' ఇది ఆయన వాక్యం. మీరెలా ఎత్తి రాసుకున్నారమ్మా?"

ఆ వాక్యం ఆమెది. బావి గట్టున కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. తన మాట తనదేగా అన్న ధీమాతో మార్చకుండా థీసిస్‌లో పెట్టుకుంది. ఆమె చేసిన తప్పల్లా అదే. ఆ లోకంలో మాట పుట్టించినవాళ్ళది కాదు, అచ్చులో పేరున్నవాళ్ళదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె పక్కనే కూర్చున్న పెద్దసార్ వైపు చూసింది. "మీరు చెప్పండి సార్."

పెద్దసార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పిల్ల మంచిదేనండీ. తొందర్లో పొరపాటు పడి ఉంటుంది. ఈసారి నేనే దగ్గరుండి రాయిస్తాను."

థీసిస్‌ను తిరగ్గొట్టారు. కాపీ చేసిందన్న మచ్చ ఆమె పేరు పక్కన పడింది. ఆ మచ్చ ఉన్నవాళ్ళకు ఏ కాలేజీ ఉద్యోగమివ్వదు.

వరండాలో ఆయన ఆమెను ఆపారు. "నేను నోరు తెరిస్తే ఇద్దరం మునిగేవాళ్ళమమ్మా. నువ్వు చిన్నదానివి, మళ్ళీ రాసుకోగలవు."

ఇంటికొచ్చి చెబితే అమ్మ మిషను ఆపింది. చేతిలో చొక్కా ఉంది. దాని మెడ దగ్గర కొట్టు పేరున్న గుడ్డముక్క తనే కుట్టాలి.

"సొమ్మొకడిది సోకొకడిది అంటారే, నా బతుకంతా అదేలే" అంది. "కానీ ఎంత చెడ్డా, ఈ చొక్కా నువ్వే దొంగిలించావని నన్నెవరూ అనలేదే తల్లీ!"

ఆ రాత్రి తల్లీకూతుళ్ళు అన్నం ముందు కూర్చున్నారేగాని ముద్ద ఎత్తలేదు.

తర్వాత వారం పెద్దసార్ ఏమీ జరగనట్టే పిలిచారు. కొత్తగా చేరినవాళ్ళ సభలో, పరిశోధనలో నిజాయితీ గురించి ఆయన మాట్లాడాలట. "రెండు ముక్కలు రాసిపెట్టమ్మా. నా ధోరణి నీకు బాగా పట్టుబడిందిగా." 

ఆమె రాసింది. ఆయన ఏదీ ముందుగా చదువుకోరు, నేరుగా వేదిక మీదే చదువుతారు. ఆ అలవాటు ఆమెకు బాగా తెలుసు. అందుకే గుండెలో ఉన్నదంతా అందులో పెట్టి, సభలో చివరి వరసలో కూర్చుంది.

"ఒకరు రాసిన దాని కింద ఇంకొకరు పేరు పెట్టుకోవడం దొంగతనం" అని చదివారు పెద్దసార్. "ఆ దొంగతనాన్ని రాసినవాళ్ళ మీదికే నెట్టి, పక్కన కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకోవడం..."

గొంతు ఆగింది. ఆయన కళ్ళు చివరి వరసకు వచ్చాయి. ఇప్పుడు నిజం చెబుతారు, ఇప్పుడైనా చెబుతారు అనుకుందామె. ఒళ్ళంతా చెవులు చేసుకుంది.

"...హత్యతో సమానం" అని పూర్తి చేశారాయన, గొంతు ఇంకాస్త పెంచి.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వేదిక మీది పెద్దలు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఇంత ధైర్యంగా మాట్లాడేవాళ్ళు ఈ కాలంలో ఎవరున్నారన్నారు. ఆమె దగ్గర మిగిలిన ఆ ఒక్క నిజమూ ఆయన పేరు మీదికే పోయింది.

పక్క కుర్చీలోని అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. "నేను ఈయన దగ్గరే చేరానక్కా. ఎంత అదృష్టమో! రేపు సార్‌కి మీటింగట, ఒక్క క్లాసు నన్ను చూసుకోమన్నారు."

"వద్దని చెప్పు" అంది చిన్నమేడం.

"అమ్మో, సార్ ఏమనుకుంటారో!" అని నవ్వి, ఆ పిల్ల మళ్ళీ చప్పట్లు కొట్టింది.

అయ్యా, అమ్మా, మీరూ ఎన్నో సభల్లో చప్పట్లు కొట్టి ఉంటారు. ఆ మాట రాసిన చెయ్యి ఎవరిదని అడగనంత కాలం మన విద్యాలయాల్లో పట్టాలు పెరుగుతాయిగాని చదువు మిగలదు.