గుమ్మంలో మనిషి లేని బొమ్మ

మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు. ఎండి కురిడీలు కావాలని అటక మీద పెట్టిన ఎనిమిది వేల కొబ్బరికాయలు, చిన్నప్పుడు బడి గోడల మీద చదివిన సూక్తులు ఓ పాతిక, మస్కట్‌లో ఒకరింట్లో వంట చేసే నా భార్య సత్యదుర్గ. మూడోది చేతిలో ఉందనడం సరైన లెక్క కాదు. ఇంటికి స్లాబు వేయాలని వెళ్ళి నాలుగేళ్ళయింది. స్లాబు పడి రెండేళ్ళు దాటింది. రమ్మని నేను అనలేదు, వస్తానని తను అనలేదు.

ఈమధ్య తను వంట చేసే ఇంటి పిల్ల దుర్గకు ఫోనులో ఏఐతో బొమ్మలు వేయించడం నేర్పింది. ఒక సూక్తి చెబితే చాలు, అదే గీసి ఇస్తుంది. కొత్తపేటలో నేను కొబ్బరి కొట్టు తలుపు తీసేసరికి రోజూ ఒక బొమ్మ వచ్చి ఉండేది. అది ఏ సూక్తికి వేయించిందో నేను చెప్పాలి. అదీ పందెం.

మంచు పట్టిన కాలువ గట్టున కూర్చుని ఆ బొమ్మల్లోకి దిగిపోయేవాణ్ణి. వెన్నెల్లో నాగలి దున్నుతున్న ముసలివాడు, చాలు వెంట మొలకలకు బదులు నక్షత్రాలు. ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ అన్నాను. ఒప్పు. నీటి అడుగున నడుస్తున్న అమ్మాయి, అరచేతిలో ఆరిపోని ప్రమిద, ఆ చేతికి ఆరు వేళ్ళు. ‘చీకటిని తిట్టుకునేకన్నా చిరుదీపం వెలిగించు’ అన్నాను.

“ఆయ్, అదేనండి. ఆరో వేలు మాత్రం నేను పెట్టలేదు,” అని ఫోనులో నవ్వింది దుర్గ.

అలా నలభై రోజులు గడిచాక ఒక మాట చెప్పింది.

“ఇంకో రెండేళ్ళకి సంతకం పెడతానో లేదో శుక్రవారంలోగా చెప్పమన్నారండి మేడంగారు.”

“నీ ఇష్టం,” అన్నాను.

కురిడీ వ్యాపారికి పట్టే జబ్బు ఇది. కాయను అటకెక్కించి పది నెలలు దాని జోలికి పోకూడదు. లోపలి నీరు దానంతటదే ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి, ఊపితే లొటలొటమంటుంది. మనిషి మనసునూ అలాగే అటకెక్కించాను.

గురువారం బొమ్మ వచ్చింది. గోదావరి పాయ మీద తేలుతున్న తాటాకిల్లు. తలుపు బార్లా తీసి ఉంది. లోపలి వెలుతురు నీళ్ళ మీద తేనెలా పరుచుకుంది. నడి ఏట్లో పడవ, అందులో తెడ్డు లేని ఆడమనిషి. గాలి లేదు, అల లేదు. ఆమె చూపు మాత్రం ఆ తలుపు వైపే.

‘ఓపిక ఉన్నవాడిదే ఒడ్డు’ అని పంపాను. కాదంది. ‘ఆశే జీవితానికి చుక్కాని’. కాదంది. ‘కష్టే ఫలి’. “అస్సలు కాదండి.”

కాయలు ఏరే నూకాలమ్మ నా భుజం మీంచి తొంగిచూసింది.

“అదేంటండి బాబూ, గుమ్మంలో మడిసే లేడు! పిలిచేవోడు లేకపోతే ఆయమ్మ ఎవరి కోసం దిగుద్దండి?”

“నీ పని చూసుకో, నూకాలమ్మా.”

“ఆయ్, చూసుకుంటానండి. తవరూ తవరి పని చూసుకోండి మరి.”

కాసేపు ఆ ఖాళీ గుమ్మాన్నే చూశాను. చూస్తుంటే అందులో నిలబడాల్సినవాడి ఎత్తు, భుజాల వెడల్పు నావేననిపించింది. ఫోను చేశాను.

“దుర్గా, ఇది ఏ మహానుభావుడి సూక్తీ కాదు. నీ మాటే. ‘ఒక్కసారి పిలిస్తే వస్తాను’ అని.”

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఒక్క మాట తప్పేరండి.”

“ఏది?”

“‘ఒక్కసారి’ కాదు. ‘ఇప్పటికైనా’ అని రాసేను.”

“అయితే గెలిచినట్టా, ఓడినట్టా?”

“ఇంకా పిలవలేదుగా మీరు!”

రోజంతా బేరాలాడే నోరు నాది; ఒక్క అక్షరానికి అంత బరువుంటుందని అనుకోలేదు.

“రా.”

“ఆయ్. వస్తానండి.”

శుక్రవారం దుర్గ సంతకం పెట్టలేదు. నెలాఖరుకు మేడంగారే టికెట్టు తీశారు. పందెం లెక్క చూస్తే నలభై ఒక్క బొమ్మలకు పద్నాలుగు ఒప్పులు, ఇరవై ఆరు తప్పులు, ఒకటి మాట తేడాతో ఒప్పు. ఆ ఒక్కదాని మీద వచ్చిన లాభం, ఒక మనిషి.