అత్తగారి జెరేనియం, నా దీపం

మా ఆయన ట్రిగ్వే పొద్దున్నే లేవగానే చేసే ఒకే ఒక్క ఇంటిపని, వాళ్ళమ్మ జెరేనియం పూలకుండీని తెచ్చి దీపం ముందు పెట్టడం. ఎండలా వెలిగే ఆ కరెంటు దీపం నాది. చీటీ మీద నా పేరు, మారిత్ అని, డాక్టరమ్మ స్వయంగా రాసింది. రోజూ పొద్దున్న అరగంట దాని ముందు కూర్చోమంది.

నార్వేకి ఉత్తరపు కొసనున్న మా ట్రోమ్సోలో నవంబరు ఆఖర్న వెళ్ళిన సూర్యుడు మళ్ళీ కనిపించేది జనవరి ఇరవై ఒకటినే. ఆ రెండు నెలలూ నేను మంచం మీంచి లేవడమంటే తడిసిన దుప్పటి మూటను ఎత్తడమే. కళ్ళలో వెలుగు పడకపోతే తెల్లారిందని మెదడుకి తెలియదట. నిద్ర తెచ్చే రసం పగలంతా ఊరుతుందట, మనసుని నిలబెట్టేది తగ్గుతుందట. అందుకే నిద్ర, అందుకే తీపి మీద ఆ యావ. "ఈ జబ్బులో సగం మాత్రం ఆగస్టులోనే మొదలవుతుంది మారిత్. చలికాలం వస్తోందని అప్పుడే భయపడి ముడుచుకుపోతారు, మనుషుల్లోకి రారు. ఆ ముడుచుకోవడమే మిమ్మల్ని ఇంకా ముంచుతుంది," అంది డాక్టరమ్మ. నాకు ఏడుపొచ్చింది. పన్నెండేళ్ళుగా ఇంట్లో దానికి ఒకటే పేరు, బద్ధకం.

మా అత్తగారు బోర్గిల్ద్‌కి దీపం సంగతి చెబితే నవ్వారు. వాళ్ళ కాలంలో సూర్యుడు లేకపోతే లేడంతే, ఒక చెంచాడు చేపనూనె మింగి మంచులో నడిచేవాళ్ళట. నేను చేపనూనె మింగాను, మంచులో నడిచాను, ఇంటికొచ్చి చాక్లెట్ డబ్బా మొత్తం తిన్నాను.

దీపం వచ్చాక అసలు చిక్కు అరగంటతో వచ్చింది. ఆ అరగంటలోనే పిల్లలిద్దరికీ, ఆయనకీ రొట్టెముక్కల డబ్బాలు సర్దాలి, తడి మేజోళ్ళు హీటరు మీంచి తియ్యాలి, ఒంటరి చేతితొడుగుకి జత వెతకాలి. పోనీ అని దీపాన్ని వంటగదిలో పెట్టుకుంటే, కాఫీ తాగుతుంటే పోలీసులు విచారిస్తున్నట్టుందని ఆయన విసుక్కున్నాడు. మళ్ళీ ముందుగదికే చేరింది. వారం తిరిగేసరికి దాని ముందు కుండీ ఉంది.

"నువ్వెలాగూ కూర్చోవు కదా. ఊరికే వెలుగుతుంటే ఎందుకని అమ్మ మొక్క పెట్టాను," అన్నాడు.

జనవరిలో ఆ జెరేనియం మూడు గుత్తులు పూసింది. అత్తగారు వీధి వీధంతా పిలిచి చూపించారు. వెలుగు లేకపోతే మొక్కలు దిగులు పడిపోతాయి పాపం అని ఒకావిడతో ఆప్యాయంగా చెబుతున్నారు. వాళ్ళకి కాఫీ పోస్తున్న నాకు నవ్వాలో ట్రేని నేలకేసి కొట్టాలో తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది, అది మాత్రం నిజం.

సూర్యుడొచ్చే రోజున మా ఊళ్ళో సూర్యుడి బన్నులు తినాలి. లోపల జామ్, పైన పంచదార, నూనెలో వేయించిన గుండ్రటి బన్నులు. పెళ్ళైన దగ్గర్నుంచీ అవి చేసేది నేనే. పదకొండున్నరకి అందరూ గుట్టెక్కుతారు, సూర్యుడు కొండ మీద నాలుగు నిమిషాలు కనిపించి పోతాడు, ముక్కులు ఎర్రగా చేసుకుని దిగొచ్చి, నువ్వూ రావాల్సింది మారిత్ అంటూ నా బన్నులు తింటారు. నా వంటగది కిటికీ ఉత్తరం వైపు. పన్నెండేళ్ళలో ఒక్క ఏడూ నేను ఆ సూర్యుణ్ణి చూడలేదు. ఈసారి చూడాలని డిసెంబరులోనే గట్టిగా అనుకున్నాను.

ఈ ఏడు పువ్వు చూడ్డానికి వచ్చేవాళ్ళుంటారని, అరవై కాదు ఎనభై చెయ్యమన్నారు అత్తగారు. పొద్దున్నే పిండి కలిపాను. పదకొండు దాటాక నూనె కింద పొయ్యి ఆపేశాను. కుండీని కాస్త జరిపి, పిండిగిన్నెని దీపం ముందు పెట్టి, కోటు తొడుక్కున్నాను.

అత్తగారు పువ్వుకేసి, పిండికేసి, నాకేసి చూశారు. "ఎక్కడికమ్మాయ్?"

"గుట్ట మీదకి అత్తయ్యా. పిండి పొంగగానే వేయించండి."

ట్రిగ్వే కిటికీలోంచి ఆకాశం చూశాడు. "మబ్బుగా ఉంది. సూర్యుడు కనిపించకపోతే అక్కడ నిలబడి ఏం చేస్తావ్?"

"ఏమీ చెయ్యను," అన్నాను. ఆ ఇంట్లో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. బూట్లు తొడుక్కుని బయటపడ్డాను.

గుట్ట మీద ఊరంతా ఉంది, బడి నుంచి వచ్చిన నా పిల్లలతో సహా. అమ్మా, నువ్విక్కడేంటి అని పెద్దది కంగారుపడింది, ఇంట్లో ఎవరో పోయారనుకుంది. పన్నెండుకి పావు తక్కువలో మబ్బు చిరిగింది. సూర్యుడి అంచు వెలుగు పసుపుపచ్చగా నేరుగా నా ముఖం మీద పడింది.

అప్పుడే జేబులో ఫోను మోగింది. ట్రిగ్వే. పిండి పొంగి గిన్నె దాటి జెరేనియం మొదట్లోకి పాకుతూ ఉంటుంది, నూనె ఎంత కాగాలో తెలియక ఇద్దరూ పొయ్యి ముందు నిలబడి ఉంటారు.

సూర్యుడు ఉండేది నాలుగు నిమిషాలే. మోగనిచ్చాను.