పెదవి తడుపుకోకుండా

పెద్ద దుప్పటిని ఒక్కరే మడతపెట్టాలంటే ఒక కిటుకుంది. నడిమి మడతను పెదాల మధ్య పట్టుకుని, చేతులు రెండూ బార్లా చాచి అంచులు కలపాలి. అవతలి కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే ఈ తంటా ఉండదు. మా బట్టల షాపు రెండో అంతస్తులో దుప్పట్ల సెక్షన్‌కి ఇద్దరం ఉన్నాం, నేనూ, అందరూ పొడుగమ్మాయి అని పిలిచే ఆవిడా. ఒకరు విప్పి చూపిస్తుంటే ఒకరు మడతపెడుతుండాలి. అంచేత ఆ అవతలి మనిషి ఎప్పుడూ ఉండదు. కొత్తగుడ్డకి గంజి ఉంటుంది. పెదాల మీది తడి రోజంతా అది పీల్చుకుంటుంది, మిగిలిందేమైనా ఉంటే ఏసీ చూసుకుంటుంది.

ఆ రోజు తెల్ల దుప్పటి. కొనడానికొచ్చినావిడ నాలుగు రకాలు విప్పించి, చివరికి మొదటిదే ఇచ్చెయ్యమంది. మడతపెట్టి నోటి నుంచి తీస్తే, సరిగ్గా మధ్యలో ఎర్రటి చుక్క. కింది పెదవి మీద ఎన్నాళ్ళుగానో మానని పగులు మళ్ళీ విచ్చుకుంది. ఆవిడ దుప్పటి వంక చూసింది, నా మూతి వంక చూసింది, ఇంకో షాపులో చూస్తామని వెళ్ళిపోయింది. సూపర్‌వైజర్ కేకలెయ్యలేదు. ఆయన కేకలేసే రకం కాదు, గుచ్చే రకం.

"నవ్వమంటే నవ్వవు, నవ్వితే నెత్తురు. ఆ మూతితో కస్టమర్ల ముందు ఎట్లా నిలబెట్టనమ్మా నిన్ను? నెలాఖరులోగా తగ్గించుకో. లేకపోతే గోడౌన్‌కి పంపిస్తా. అక్కడైతే ఎవరూ చూడరు."

గోడౌన్ అంటే నేలమాళిగ. బట్టల బేళ్ళు మొయ్యాలి, దుమ్ము తినాలి. అక్కడికి పంపడమంటే పొమ్మనలేక పొగపెట్టడమే. ఇదివరకు పంపినావిడ నడుం పట్టేసి తనంతట తనే మానేసింది, షాపువాళ్ళకి మాట రాలేదు. నా ఉద్యోగం ఎప్పుడు పోతుందా అని మా ఇంట్లోనూ కాచుక్కూర్చున్నారు. పొద్దున్నే ఆ గుమ్మం దాటి బయటపడటం ఒక్కటే నాకున్న గాలి. దాన్ని ఒక పగులుకి వదులుకోవాలంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే ఉప్పు తగిలి ఇంకా మండుతుందని ఆపుకున్నాను.

ఇంట్లో చెప్పాను. అత్తయ్య నా పెదవిని చూడనైనా చూడకుండా, "పెదాలదేముందమ్మా, మాకు పాదాలు నెర్రెలు విచ్చేవి. ఎవరితో చెప్పుకున్నాం?" అంది. నిజమే, చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడమే ఆవిడ దాచుకున్న ఆస్తి, అది నాకు రాసివ్వాలని చూస్తుంది. మా ఆయన మాత్రం చూశాడు. ఆయన చూసే తీరు వేరు. ఆ మధ్య ఒకసారి దగ్గరకొచ్చి, మొహం వెనక్కి లాక్కుని, "గరుక్కాగితం ముద్దుపెట్టుకున్నట్టుంది" అని నవ్వాడు. ఇల్లన్నాక ఇలాంటి హాస్యాలు ఉంటాయని నేనూ నవ్వాను. అప్పుడూ నెత్తురొచ్చింది.

మందుల షాపులో పెదాలకి రాసుకునే చిన్న డబ్బా కొనుక్కున్నాను. స్ట్రాబెర్రీ వాసన. అద్దం ముందు పెట్టుకున్నాను. మా ఇంట్లో నాదంటూ ఒక వస్తువు అద్దం ముందుండటం అదే మొదలు. రెండ్రోజులకి చూస్తే అడుగంటా గీరేసి ఉంది. పడగ్గది తలుపు మాత్రం చప్పుడు లేకుండా తెరుచుకుంది. మా ఆయన దాన్ని తలుపు బందులకి పూశాడు.

"తలుపు కిర్రుమంటోందని నువ్వేగా గోల పెట్టావు? నూనె ఎక్కడుందో తెలీలేదు. ఇప్పుడు చూడు, ఎంత మెత్తగా ఉందో" అన్నాడు. ఆయన మొహంలో ఇంటిపని చేసిన మగాడి వెలుగు. నేను నోరు తెరిచాను. పెదవి తడుపుకున్నాను. మూసుకున్నాను.

చర్మం డాక్టరమ్మ పెద్దావిడ, ముక్కుసూటి మనిషి. నా పెదవిని లైటు కింద పట్టుకుని చూసింది. "రంగూ వాసనా ఉన్నవి రాయకు. అవే కొందరికి పడవు. తెల్లటి వాజలీన్ రాయి, పడుకునే ముందు మరికాస్త. పొక్కు లేచినచోట పీకకు. లిప్‌స్టిక్ వేసుకుంటుంటే అదీ కొన్నాళ్ళు మానెయ్. ఇంకో వారం చూసి మానకపోతే మళ్ళీ రా, ఊరుకోవద్దు. నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా?"

తాగుతున్నానన్నాను. అబద్ధం.

"అన్నిటికంటే ముఖ్యం, నాకడం మానాలి. నేను చూస్తుండగానే ఎన్నిసార్లు తడుపుకున్నావో. ఉమ్మి ఆరిందంటే పెదవి అంతకుముందుకంటే ఎండిపోతుంది. ఎప్పుడు నాకుతున్నావో కనిపెట్టు."

ఇంతకాలం నాతో వేగుతున్న నాలుకని అప్పటి నుంచి కాపలా కాశాను. ఊరికే చలికో, దాహానికో బయటికి రావడం లేదది. మొగుడు నా జీతం సంగతి నాకంటే ముందు తన చెల్లెలితో చర్చిస్తున్నప్పుడు వచ్చింది. కూరలో ఉప్పు తగ్గిందని నలుగురిలో అన్నప్పుడు వచ్చింది. సూపర్‌వైజర్ "ఇంకాస్త నవ్వు" అంటూ తన బుగ్గలు సాగదీసి చూపించినప్పుడు వచ్చింది. ఏదో అనబోయి, మాట పెదాల దాకా వచ్చి, ఇప్పుడెందుకులే అనుకున్న ప్రతిసారీ నాలుక ఆ మాటని తుడిచి లోపలికి తీసుకుపోతోంది. ఇన్నేళ్ళుగా నేను మింగినవన్నీ ముందు అక్కడ తగిలి వెళ్ళినవే. చెప్పొద్దూ, నా మీద నాకే జాలేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

తెల్ల వాజలీన్ డబ్బా కొని ఈసారి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఒకరోజు పొద్దున్నే మా ఆయన ఆఫీసు బ్యాగు జిప్పు పట్టేసింది. "నీ డబ్బా ఏదీ, కాస్త ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

నాలుక కదిలింది. పళ్ళ వెనకే ఆపాను. "ఇవ్వనండీ" అన్నాను.

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. అత్తయ్య గదిలోంచే, "మూతి బాగుపడుతున్నట్టుందిరా, మాటలొస్తున్నాయి" అంది. జిప్పు తెరిచే ఉన్న బ్యాగుతో ఆయన ఆఫీసుకెళ్ళాడు. ఆకాశమేం విరిగి మీద పడలేదు.

కానీ పగులు మానలేదు. అంచులు మెత్తబడ్డాయి, మధ్యలో గీత అట్లాగే ఉంది. డాక్టరమ్మకి చెప్పిన అబద్ధం అక్కడ కూర్చుని ఉందని నాకు తెలుసు. నెలాఖరు వచ్చేస్తోంది.

షాపులో మేం ఆడవాళ్ళం నీళ్ళు తాగం. మగవాళ్ళ బాత్రూమ్ కిందనే ఉంది, దానికి తాళం లేదు. ఆడవాళ్ళది మూడో అంతస్తులో, తాళం చెవి సూపర్‌వైజర్ జేబులో. షాపులో కూర్చోవడానికి వీల్లేదు కాబట్టి ఒకప్పుడు ఎవరో అక్కడ బకెట్ బోర్లించుకుని కాస్సేపు కాళ్ళు చాపుకున్నారట. ఆనాటి నుంచి తాళం. వెళ్ళి అడగాలి. అడిగితే ఆయన బిల్లింగ్ కుర్రాళ్ళకి వినపడేట్టు "మళ్ళీనా?" అంటాడు. మొదటిసారి అడిగినా మళ్ళీనే. అంతకంటే దాహంతో ఉండటం నయమని మాలో మేమే నేర్చుకున్నాం, కొత్తగా చేరినవాళ్ళకి నేర్పాం. పొడుగమ్మాయి రెండుసార్లు ఇన్ఫెక్షన్‌తో జ్వరపడి, కళ్ళు తిరుగుతుంటే ర్యాక్‌ని పట్టుకుని దుప్పట్లు చూపించింది. నీళ్ళు తాగితే గాని పెదవి మానదు. పెదవి మానకపోతే గోడౌన్. నీళ్ళు తాగితే తాళం. ఎటు తిరిగీ ఆయన జేబు దగ్గరికే.

ఆ పొద్దున ఇంటి నుంచి పెద్ద సీసా తెచ్చాను. కౌంటర్ మీద, అందరికీ కనపడేట్టు పెట్టాను. పొడుగమ్మాయి గుడ్లప్పగించి చూసింది. "పిచ్చెక్కిందా నీకు? సాయంత్రం దాకా ఎట్లా ఆపుకుంటావు?"

"ఆపుకోను" అన్నాను.

దుప్పటికీ దుప్పటికీ మధ్య గుక్కెడు తాగుతూ పోయాను. లోపల ఎండిన చోటల్లా చల్లగా దిగుతుంటే, ఇన్నాళ్ళూ ఎంత దాహంతో ఉన్నానో అప్పుడు తెలిసింది. సీసా సగమయ్యేసరికి పొత్తికడుపు బిగిసింది. భయం కూడా వేసింది, అబద్ధమెందుకు. బిల్లింగ్ దగ్గర జనం ఉన్నారు. జనం తగ్గాక వెళ్దామని కాళ్ళు అడ్డం తిరిగాయి. వినకుండా వెళ్ళి ఆయన ముందు చెయ్యి చాపాను.

"బాత్రూమ్ తాళం ఇవ్వండి సార్."

"మళ్ళీనా?"

కుర్రాళ్ళు తలెత్తారు. నాలుక పళ్ళ దాకా వచ్చింది, అక్కడే ఆగింది.

"మళ్ళీనే సార్. మధ్యాహ్నం ఇంకోసారి, సాయంత్రం ఇంకోసారి. రేపూ అంతే. పెదవి తగ్గించుకోమన్నది మీరే కదా. నీళ్ళు తాగితే తగ్గుతుందట."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గోడౌన్ సంగతి గుర్తుందిగా?"

"గుర్తుంది. అక్కడా బాత్రూమ్ ఎక్కడుందో చెప్పండి."

అంత పెద్ద మాట అనేసరికి పగులు మళ్ళీ విచ్చుకుంది. వెచ్చగా గడ్డం మీదికి జారుతోంది. తుడుచుకోలేదు, నాలుక చాపలేదు. చాపిన చెయ్యి కూడా తియ్యలేదు. కస్టమర్లు చూస్తున్నారని ఆయనే ముందు గ్రహించి, జేబులో చెయ్యి పెట్టాడు.

తాళం చెవితో మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూశాను. పొడుగమ్మాయి నా సీసా ఎత్తి తాగుతోంది.