ఎదురుగోడ బొమ్మ

ఆరో మాత్ర కూడా రెండుగా విడిపోయింది.

గాజు డబ్బాలో వేసి నాలుగు తిప్పులు తిప్పగానే తెల్ల పొర ఒక పక్క, పసుపు పొర ఒక పక్క పడుతున్నాయి. పొడిమాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, విడిపోయిన తెల్ల ముక్కను గోటితో తడిమాడు. నున్నగా జారిపోతోంది. గోడగడియారం పదకొండున్నర చూపిస్తోంది. రెండింటికల్లా రెండు వందల మాత్రలు పరీక్షకు పోవాలి. మూడున్నరకల్లా ఆయన ఇంట్లో ఉండాలి. నాలుగింటికి అక్క వేసిన బొమ్మల కోసం వ్యాను వస్తుంది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ మందుల కంపెనీలో కొత్త మాత్రలు నొక్కి చూసే మిషను ఆయన చేతిలోనే ఉంది. వేళ్లకూ కనుబొమ్మలకూ ఎప్పుడూ తెల్లపొడి అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ప్రమోషన్ల జోలికి ఆయన పోలేదు, ప్రమోషన్లూ ఆయన జోలికి రాలేదు.

ఈ కొత్త మాత్రలో రెండు మందులు. ఒకటి రక్తపోటుకు, ఒకటి షుగరుకు. విడివిడిగా ఉంటే రెండూ బుద్ధిమంతులే. కలిపి ఉంచి కాస్త చెమ్మ తగలనిస్తే మాత్రం ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. అందుకే రెండు పొరలుగా నొక్కి, పల్చటి అల్యూమినియం రేకులో బిగించి, గాలి చొరకుండా చేస్తారు. గాలి తగలకూడదు, చెమ్మ తగలకూడదు. ఆయన నేర్చిన విద్యంతా అదే. ఇంట్లో ఉప్పుడబ్బా మూతకు కూడా టేపు చుట్టే మనిషి.

"ఏం చేద్దాం మాస్టారూ?" అంది ల్యాబు మేడమ్.

"మొదటి పొరని మరీ గట్టిగా నొక్కేస్తున్నామమ్మా. అది నున్నగా అయిపోతే రెండోదానికి పట్టెక్కడ దొరుకుతుంది? కాస్త వదులు చేస్తానుండండి."

మర ఒక్కో గీతే వెనక్కి తిప్పుతూ, నొక్కి చూస్తూ, మళ్లీ తిప్పుతూ భోజనం మాట మరిచిపోయాడు. ఒంటిగంటన్నరకు ఇరవై మాత్రలు డబ్బాలో ఎంత దొర్లినా చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. మేడమ్ చప్పట్లు కొట్టినంత పని చేసింది. మిగతావీ నొక్కి రెండింటికల్లా అప్పజెప్పి, మిషను కడిగి ఆయన బయటపడేసరికి మూడు దాటింది.

అక్కా తమ్ముళ్లిద్దరూ పెళ్లి మాట ఎత్తకుండానే ముసలివాళ్లయ్యారు. అక్క ముప్పై ఏళ్లు బస్టాండులో టిక్కెట్లు ఇచ్చింది. రిటైరయ్యాక నూనె రంగులు కొనుక్కుని, కౌంటరు కంతలోంచి అన్నాళ్లూ చూసిన మొహాలను కాన్వాసు మీద వేయడం మొదలుపెట్టింది. బొమ్మలమ్మే ఒక గ్యాలరీ ఆవిడ చూసి, ఆర్ట్ ఫెయిర్‌లో పెడతానంది. ఏడు చిన్నవి, ఒకటి పెద్దది. తెల్లవారుజామున నీలం షెడ్డు కింద క్యూలో నిలబడ్డ జనం, ఆ పెద్ద బొమ్మ. స్టాలులోకి రాగానే కనిపించే ఎదురుగోడ దానిదే.

ఈలోగా అక్క మంచం పట్టింది. ఇక వారాలేనని చెప్పి డాక్టరు ఇంటికి పంపేశాడు.

"నేనెలాగూ వెళ్లలేను. అది వెళ్తే చాల్రా," అంది అక్క.

ఆమె ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో బొమ్మలన్నీ తమ్ముడే ప్యాక్ చేశాడు. చిన్నవి ఎప్పుడో ఆరిపోయాయి, కాగితాల్లో చుట్టాడు. పెద్దదాన్ని వేలితో తాకి చూస్తే ఆరినట్టే అనిపించింది. కంపెనీలో అడిగి తెచ్చుకున్న రేకు సంచిలో దాన్ని పెట్టి, చెమ్మ పీల్చే పొట్లాలు పన్నెండు వేసి, అంచులు ఇస్త్రీపెట్టెతో అతికించాడు. జీవితంలో అంత బాగా ఇంకేదీ చుట్టలేదని మురిసిపోయాడు కూడా.

ఆయన ఇల్లు చేరేసరికే వ్యాను వచ్చేసి ఉంది. గ్యాలరీ ఆవిడ రేకు సంచిని చూసి కళ్లు చిట్లించింది.

"ఇదేంటండీ? ఒకసారి విప్పండి, ఫొటో తీసుకోవాలి."

ఆయన కత్తెరతో అంచు కోశాడు. రేకు లేవలేదు. మెల్లగా లాగాడు. పరపరమంటూ వచ్చింది. దాంతోపాటు షెడ్డు నీలం వచ్చింది, క్యూలో ముగ్గురి మొహాలు వచ్చాయి.

"నూనె రంగండీ ఇది!" ఆవిడ దాదాపు అరిచింది. "గాలి తగిలితేనే ఆరుతుంది. ఊపిరాడకుండా మూసేశారే!"

నేర్చిన విద్యంతా తీసుకెళ్లి అక్క బొమ్మ మీద చూపించాడు. గోడకు తల బాదుకుని ఏడవాలనిపించింది. ఆవిడ గొంతు తగ్గించి, ఐదింటికి వ్యాను కదలాలనీ, ఎదురుగోడకు ఇంకొకరి బొమ్మ పెట్టక తప్పదనీ చెప్పి ఫోను తీసింది.

"ఏంట్రా ఆ గుసగుసలు?" లోపలి గదిలోంచి అక్క.

ఏదో ఒక అబద్ధం చెబుదామనే గుమ్మం దాకా వెళ్లాడు.

"చెడగొట్టానక్కా. పెద్దదాన్ని."

"పట్రా, చూస్తాను."

మంచం పక్కన నిలబెట్టి పట్టుకున్నాడు. అక్క బొమ్మను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. లాగి ఒకటిచ్చినా బాగుండును అనుకున్నాడాయన. ఆమె చూపుడు వేలు చాపి నీలం మీద నొక్కింది. వేలు మెత్తగా దిగింది. నవ్వబోయింది, దగ్గొచ్చింది.

"తడిగానే ఉందిగదరా, వెధవా. అయితే ఇంకా వెయ్యొచ్చు."

గ్యాలరీ ఆవిడ వాచీ చూసుకుంది. ఫోను సంచిలో పడేసి, తనే వెళ్లి రంగుల పెట్టె తెచ్చింది.

అక్క చిన్న కత్తితో చినిగిన రంగును గీకేసింది. ఒక్కో గీతకూ ఆగి ఊపిరి తీసుకుంది. తమ్ముడు కాన్వాసు కదలకుండా పట్టుకుని ఆ ఊపిర్లు లెక్కపెడుతున్నాడు. కుంచె రెండుసార్లు జారిపోయింది. మూడోసారి దాన్ని వదిలేసి వేళ్లతోనే వేసింది. ముగ్గురు పోయినచోట ఒకడు వచ్చి నిలబడ్డాడు. వంగిన మెడ, తెల్లటి కనుబొమ్మలు, రెండు చేతులా హత్తుకున్న మూట.

"ఎవరక్కా అది?"

"చెడగొట్టినచోటే నిలబడు. అదే నీకు శిక్ష."

ఐదూ పదికి బొమ్మను వ్యానులో నిలువుగా, దేనికీ ఆనకుండా తాళ్లతో కట్టారు. పైన ఏదీ కప్పలేదు. "కిటికీ కాస్త తెరిచే ఉంచు బాబూ," అని డ్రైవరుకు ఆయనే రెండుసార్లు చెప్పాడు.

"వెళ్లిందా?" అంది అక్క.

"వెళ్లిందక్కా. ఎదురుగోడకే."

"కాసిని మంచినీళ్లివ్వు."

సగం తాగింది. కాసేపు పడుకుంటానని కళ్లు మూసుకుంది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కిటికీలో ఇంకా వెలుతురుంది. అలవాటైపోయి ఊపిర్లు లెక్కపెడుతూనే ఉన్నాడు. ఒకదాని తర్వాత రావాల్సింది రాలేదు. వస్తుందేమోనని చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

స్టూలు మీద స్టీలు గ్లాసు ఉంది. అందులో సగం నీళ్లు, అంచు కింద నీలంగా అక్క బొటనవేలి ముద్ర, ఇంకా తడిగా.