మ్యూచువల్ దరఖాస్తు

జాబితాలో హర్షిణి పేరు పైనుంచి తొమ్మిదోది. పేరు పక్కన మార్కులు, ఐదువందల అరవై ఒకటి. మార్కుల పక్కన గ్రూపు, ఎంపీసీ.

ఫోను తెర మీద ఆ మూడక్షరాలను ఆమె పక్కకు జరిపి చూసింది, పెద్దవి చేసి చూసింది. జరిపినా పోలేదు, పెంచినా మారలేదు. గోదావరి అవతల, మంచిర్యాల దాటాక ఉన్న ఆడపిల్లల గురుకుల కళాశాలలో ఆమెకు సీటు వచ్చింది. తిండీ వసతీ చదువూ కోచింగూ అన్నీ ఇచ్చే చోటు అది. అన్నీ ఉన్న ఆ చోట, ఆమెకు వచ్చిన గ్రూపులో మాత్రం, కావలసిన ఒక్క పాఠం లేదు.

ఎనిమిదో తరగతిలో సైన్సు టీచరు మేక గుండెను తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు పిల్లలందరూ ముక్కు మూసుకున్నారు. హర్షిణి మాత్రం దగ్గరికి జరిగి, లోపలి కవాటాన్ని వేలితో తాకి, అది ఒక వైపే తెరుచుకుంటుందని కనుక్కుంది. ఆ రోజు నుంచి డాక్టరు చదువు తప్ప మరో మాట ఎత్తలేదు. ఆ చదువుకు నీట్ రాయాలి. నీట్ రాయాలంటే జీవశాస్త్రం చదవాలి. జీవశాస్త్రం చదవాలంటే ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. వరుస ఇంత తేటగా ఉంది. ఈ వరుసను ఆమె తండ్రికి వందసార్లు చెప్పింది.

తండ్రి జగదీశ్వర్ గోదావరిఖనిలో, భూమి లోపలి గనిలో పంపు ఆపరేటరు. ఆ మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసినా కంటి అంచులను వదలని బొగ్గుతో క్వార్టరుకు వచ్చాడు. కూతురు ఫోను చూపించింది.

“సీటొచ్చింది గద బిడ్డ. ఇగ ఫికర్ లేదు.”

“బైపీసీ ఏది బాపు?”

అప్పుడు సంగతి బయటపడింది. దరఖాస్తు గడువు ముగిసే వారం హర్షిణి అమ్మమ్మ ఊళ్లో ఉంది. జగదీశ్వర్ ఒక్కడే ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాడు. కంప్యూటరు ముందున్న మనిషి మొదటి ఆప్షన్ ఏదని అడిగాడు. ఏది జల్దీ దొరుకుతుందని జగదీశ్వర్ ఎదురడిగాడు. ఆడపిల్లలంతా బైపీసీకే ఎగబడుతున్నారనీ, ఎంపీసీ అయితే ఖాయమనీ ఆ మనిషి చెప్పాడు. జగదీశ్వర్ ఎంపీసీని మొదట పెట్టించి, బైపీసీని రెండోదిగా పెట్టించి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచాడు. బిడ్డకు చెప్పలేదు.

ఆయన లెక్క ఆయనకుంది. బొగ్గు గనిలో ఎవరూ కోరుకున్న పనిలోకి దిగరు. జగదీశ్వర్ దిగింది బదిలీ ఫిల్లరుగా, అంటే డ్యూటీకి రాని వాడి బదులు బొగ్గెత్తే మనిషిగా. నాలుగేళ్లకు పర్మినెంటు అయ్యాడు. పంపు దగ్గర మనిషి లేని రోజుల్లో ఆ పనిని యాక్టింగ్‌గా, అంటే ఆ మనిషి బదులు, చేశాడు. ఆ పనీ ఈ పనీ చేసి చేసి పదకొండేళ్లకు పంపు తనదైంది. ముందు లోపలికి దిగాలి, దిగిన తర్వాత మారాలి. గని ఆయనకు నేర్పిన పాఠం అదొక్కటే. ఆ పాఠం ఆయనను ఏనాడూ మోసం చేయలేదు.

“పిల్లనడుగక లగ్గం పెట్టుకున్నట్టు చేసినవు గదరా,” అంది ఆయన తల్లి సమ్మవ్వ, చేటలోంచి తల ఎత్తకుండానే.

“నీకు తెల్వదవ్వా. తర్వాత మార్పిద్దం.”

బైపీసీలో చివరి సీటు ఐదువందల నలభై ఎనిమిది మార్కులకు పోయింది. హర్షిణి ఆ అంకెను చూసింది. తండ్రికి చూపించలేదు. చూపిస్తే ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు, ఆయన ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేదు.

చేరిన రోజున ప్రిన్సిపాల్ శారదాంబ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది. మంథనిలో తరతరాలుగా బడిపంతుళ్లున్న ఇంటి మనిషి ఆవిడ, మాట తూచి మాట్లాడుతుంది. బైపీసీలో ఖాళీ లేదనీ, ఎవరైనా వెళ్లిపోతే తప్ప గ్రూపు మార్చడం కుదరదనీ, నెలాఖరు సోమవారం దాటితే ఖాళీ అయినా కుదరదనీ చెప్పింది. జగదీశ్వర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“మేడం, మ్యూచువల్ ఉంటదా?”

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన వివరించాడు. ఈ గని మనిషికి ఆ గని కావాలి, ఆ గని మనిషికి ఈ గని కావాలి, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెడతారు, చోట్లు మార్చుకుంటారు. శారదాంబ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అలాంటి నియమం ఉందో లేదో తనకు తెలియదంది. ఇద్దరు పిల్లలూ ఇద్దరు తండ్రులూ గడువులోగా రాసిస్తే పై ఆఫీసుతో మాట్లాడి చేయిస్తానంది. జగదీశ్వర్ గెలిచిన వాడిలా బయటికి వచ్చాడు. హర్షిణికి మాత్రం, ఎక్కడో ఉన్న ఎవరో ఒక పిల్ల మీద తన బతుకంతా వేలాడుతున్నట్టు అనిపించింది.

ఆ పిల్ల దూరాన లేదు, పక్క మంచం మీదే ఉంది. పేరు సాత్విక. ఊరు రామకృష్ణాపూర్. తండ్రి రాయమల్లు బొగ్గు కంపెనీ దవాఖానలో వార్డుబాయ్. ఆ ఐదువందల నలభై ఎనిమిది మార్కులు సాత్వికవే. ఆ సంగతి తెలిసిన రోజు హర్షిణి ఆమెతో మాట్లాడలేదు. మరునాడు సాయంత్రం చదువుకునే గంటలో, హర్షిణి అరగంటగా కుస్తీ పడుతున్న త్రికోణమితి లెక్కను సాత్విక పక్కనుంచి చూసి, కలం లాక్కుని, నాలుగు వరుసల్లో తేల్చేసింది. తర్వాత తన వృక్షశాస్త్రం రికార్డు తెరిచి చూపించింది. అందులో గీసిన కణం ఒడ్డున పడ్డ చేపలా ఉంది. హర్షిణి దాన్ని చెరిపి, కొత్తగా గీసి, భాగాలకు పేర్లు రాసింది.

అప్పటినుంచి రోజూ అదే పని. లెక్కల పుస్తకం ఆ మంచం మీదికి పోయేది, రికార్డు ఈ మంచం మీదికి వచ్చేది. పొద్దున మాత్రం ఎవరి తరగతిలో వాళ్లు కూర్చోవాలి. హర్షిణి కిటికీలోంచి చూస్తే ఎదురు వరండాలో జీవశాస్త్రం ల్యాబు. అందులో సాత్విక సూక్ష్మదర్శిని ముందు నిలబడి, కన్ను ఆనించకుండానే తల ఊపేది. హర్షిణి ఇటు తిరిగి నల్లబల్లను చూసేది. నల్లబల్ల మీద ఫంక్షన్లు ఉండేవి. మూడు వారాలు అలా గడిచాయి. ఒక్కో రోజు అవతల ఒక్కో పాఠం దాటిపోతున్నదన్న లెక్క తప్ప ఆమెకు మరే లెక్కా వచ్చేది కాదు.

సాత్విక తన దరఖాస్తు తాను రాసింది, హర్షిణి తనది రాసింది. జగదీశ్వర్ ముందే సంతకం పెట్టాడు. ఇక మిగిలింది రాయమల్లు.

గడువుకు ముందు రోజు, ఆదివారం, తల్లిదండ్రులు వచ్చే రోజు. వాటర్ ట్యాంకు నీడలో చాపలు పరుచుకుని, గిన్నెలు తెరిచి, ఎవరి బిడ్డకు వాళ్లు తినిపిస్తున్నారు. జగదీశ్వర్ రాయమల్లు చాప అంచున కూర్చున్నాడు. ఎండల మీద, బోనస్ మీద, ఇద్దరికీ తెలిసిన ఒక గని ఓవర్‌మన్ మీద మాట్లాడి, చివరికి కాగితం తీశాడు.

“ఒక్క సంతకం అన్నా. నీ బిడ్డ నా బిడ్డ జాగల, నా బిడ్డ నీ బిడ్డ జాగల. ఇద్దరికీ నిమ్మళం.”

రాయమల్లు కాగితం తీసుకోలేదు. చేతికి కూర అంటిందన్నట్టు చూపించి నవ్వాడు.

“మ్యూచువల్ గనిల చేసుకో తమ్మీ. బిడ్డలను గూడ మార్చుకుంటమా?”

నవ్వు ఆగిపోయాక ఆయన అసలు సంగతి చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన డాక్టర్లకు తలుపులు తీస్తున్నాడు, రోగులను చక్రాల కుర్చీల్లో తోస్తున్నాడు. సాత్వికకు సీటు వచ్చిన రోజు దవాఖానంతా మిఠాయి పంచాడు. కాలనీలో ఇప్పుడామెను పేరు పెట్టి పిలిచేవారు లేరు, అందరూ డాక్టరమ్మ అంటారు. ఈ సంతకం పెట్టి, రేపు పొద్దున డ్యూటీకి ఏ ముఖంతో పోవాలి?

“నీ బిడ్డ డాక్టర్ కావాలె, నా బిడ్డ కావద్దా?”

సాత్విక గిన్నె మూతను గుండ్రంగా తిప్పుతోంది. రాసిచ్చిన దరఖాస్తు తనదే అయినా, దాన్ని ఎన్నడూ చూడనట్టు కూర్చుంది. హర్షిణికి కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం.

“ఒక్కసారి సాత్వికను అడుగు మామా.”

“అడిగేదేముంది? పదహారేండ్ల పిల్లకేం తెలుస్తది? నీ బాపు నిన్ను అడిగిండా?”

“అడుగలే. అందుకే ఇట్లున్నం.”

జగదీశ్వర్ కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దాకా నడుస్తూ ఆయన కొత్త దారి వెతికాడు. యూనియన్‌లో లింగమూర్తి కాక ఉన్నాడు, లెటర్‌హెడ్ మీద రాయిస్తానన్నాడు. మొదటి సంవత్సరం ఇట్లాగే గడవనిస్తే రెండో సంవత్సరంలో ఎట్లైనా మారుస్తారన్నాడు. హర్షిణి ఆగిపోయింది. ఇంటర్‌లో అలా ఉండదనీ, మొదటి ఏడాది చదవని జీవశాస్త్రం రెండో ఏడాదిలో పుట్టదనీ చెప్పింది. గోదావరిఖనిలో సర్కారు కాలేజీ ఉందనీ, అక్కడ బైపీసీలో ఖాళీలున్నాయని ఫోన్‌లో కనుక్కున్నాననీ చెప్పింది. రేపు వచ్చి టీసీకి సంతకం పెట్టమంది.

జగదీశ్వర్ గేటు చువ్వను పట్టుకుని నిలబడ్డాడు. గురుకులం సీటును వదిలేసే పిచ్చివాళ్లు ఎక్కడైనా ఉంటారా అని అడిగాడు. హాస్టలు లేని చోట, కోచింగు లేని చోట, లెక్చరర్లు ఉంటారో ఉండరో తెలియని చోట నీట్ ఎట్లా గెలుస్తుందని అడిగాడు. అడిగినవన్నీ నిజాలే. అవి నిజాలు కావడమే ఆమెను మరింత మండించింది.

సోమవారం ఆయన వచ్చాడు, షిఫ్టు వదులుకుని. శారదాంబ ఫారం ఇవ్వకముందే హర్షిణిని చూసి, ఇక్కడున్న వసతులు మళ్లీ దొరకవనీ, బాగా ఆలోచించుకున్నావా అనీ అడిగింది. జగదీశ్వర్ నోరు తెరిచాడు. ఆవిడ చేయెత్తి ఆపి, చెప్పమన్నట్టు హర్షిణినే చూసింది.

“ఇక్కడ అన్నీ ఉన్నయి మేడం. నాకు బయాలజీ లేదు.”

తండ్రి సంతకం పెట్టాల్సిన చోట ఒక గీత ఉంది. జగదీశ్వర్ కలం పట్టుకున్నాడు. నిన్న రాయమల్లు ముందు ఎంత తేలిగ్గా అడిగాడో ఆ సంతకం ఇవాళ ఆయనకు అంత బరువైంది. పెట్టాడు. ఎంత గట్టిగా పెట్టాడంటే, చివరి చుక్క దగ్గర కాగితం చిరిగింది.

పెట్టె మోసుకుని వస్తుంటే వరండా మలుపులో సాత్విక నిలబడి ఉంది.

“ఎంపీసీల ఇప్పుడు ఒక సీటు ఖాళీ,” అంది హర్షిణి. “సాయంత్రం దాకా టైమున్నది.”

“బాపు సంతకం కావాలె గద,” అని సాత్విక లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు సర్కారు కాలేజీలో వరుస మెట్ల దాకా ఉంది. జంతుశాస్త్రం లెక్చరరు పోస్టు ఇంకా నిండలేదని, దసరా లోపు రావచ్చని ముందున్న వాళ్లు చెప్పుకుంటున్నారు. జగదీశ్వర్ ఆ మాట విని కూతురి వైపు చూశాడు. హర్షిణి చూడలేదు. ఆమె వంతు వచ్చింది. గుమాస్తా ఫారం మీద బైపీసీ అని రాసి, తల ఎత్తాడు.

“సెకండ్ లాంగ్వేజ్? తెలుగా, సంస్కృతమా?”

“సంస్కృతం రాయి సారూ, మార్కులు జల్దీ...” అంటూనే జగదీశ్వర్ ఆగిపోయాడు. మిగిలిన మాటను మింగి, కూతురి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు.”

ఆమె ఈ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. మూడేళ్లుగా ఆలోచించింది ఒక్కదాన్ని గురించే, ఇది దానిలో లేదు. వెనుక వరుస గొణుగుతోంది. గుమాస్తా కలంతో బల్లను కొట్టాడు.

“ఆగుండ్రి సార్,” అంది హర్షిణి. “ఆలోచించుకోనీయండ్రి.”

వరుస ఆగింది. ఆమె ఆలోచించుకుంది.